చక్కెరకు రంగు లేదు

సాయంత్రం ఆరు దాటింది. విజయవాడలో ఓ కాలనీ పార్కు. నడక ముగించుకున్న పెద్దవాళ్లంతా సిమెంటు బెంచీల దగ్గర చేరారు. ట్రాన్స్‌కోలో ఏఈగా చేసి రిటైరైన పెద్దాయన చొక్కా చెయ్యి పైకి మడిచి కొత్త వాచీ చూపించారు. అల్లుడు ఆన్‌లైన్లో తెప్పించి పంపాడట.

"సూది లేదు, రక్తం లేదు మాస్టారూ. ఇక్కడ నొక్కితే చాలు, షుగరెంతో చెప్పేస్తుంది. చూడండి, నూట పన్నెండు."

మాస్టారు చెప్పింది లెక్కలు. ఊరికే నమ్మే రకం కాదు. "ఓసారి ఇటివ్వండి ఏఈ గారూ" అంటూ వాచీ తీసుకుని, గేటు దగ్గర బండి మీంచి ఒక అరటిపండు తెప్పించి, దాని చుట్టూ బెల్టు బిగించారు. వాచీ అడుగున పచ్చ దీపాలు గబగబా మిణుకుమన్నాయి. తెర మీద చిన్న చక్రం తిరిగింది. నాడి 76 అని వచ్చింది. ఇంకాసేపటికి షుగర్ 108.

"పండుకి షుగరు కంట్రోల్లోనే ఉందండోయ్" అన్నాడు బండబ్బాయి. బెంచీలన్నీ ఘొల్లుమన్నాయి. ఏఈ గారు మాత్రం నవ్వలేదు. ఆ వాచీ అంకె చూసుకునే ఆయన నెలన్నరగా రాత్రి మాత్ర మానేశారు.

అరటిపండుకు నాడి ఎక్కడిది? పచ్చ కాంతి తొక్క మీద పడి వెనక్కి వస్తుంది. అలా వచ్చిన కాంతిలో ఎప్పుడూ కాస్త ఒడిదుడుకు ఉంటుంది. అందులో ఏదో ఒక లయను వెతికి పట్టుకోవడమే లోపలున్న సాఫ్ట్‌వేర్ పని. మనిషి చెయ్యే అనుకుని వెతికింది, దొరికిందనుకుంది. నాడి సంగతి అలా సర్దిచెప్పుకోవచ్చు. షుగర్ అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో మాత్రం ఆ వాచీ చేసినవాళ్లకే తెలియాలి. అట్టపెట్టె మీద ముందువైపు షుగర్ బొమ్మ పెద్దదిగా ఉంది. వెనక, చీమ తలకాయంత అక్షరాల్లో, వైద్య అవసరాలకు వాడరాదని ఉంది.

ఇలాంటి వాచీలు, ఉంగరాల ప్రకటనలు ఇప్పుడు ఫోను తెరిస్తే చాలు, ఎదురొస్తున్నాయి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరి 21న వీటి మీద హెచ్చరిక విడుదల చేసింది. చర్మాన్ని గుచ్చకుండా తమంతట తామే రక్తంలో గ్లూకోజును కొలుస్తామనే వాచీ గానీ, ఉంగరం గానీ ఒక్కదానికీ తాము అనుమతి ఇవ్వలేదని, వాటిని వాడొద్దని ఆ హెచ్చరిక సారాంశం. తప్పు అంకె చూసి ఇన్సులిన్ ఎక్కువ వేసుకుంటే మనిషి గంటల్లో స్పృహ తప్పొచ్చని కూడా చెప్పింది.

అయినా జనం కొంటారు. కొనకేం చేస్తారు? భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో దేశమంతా తిరిగి చేసిన అధ్యయనం 2023లో వెలువడింది. దాని లెక్కలో మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్లు, ఆ అంచున ఉన్నవాళ్లు మరో 13.6 కోట్లు. టైప్-1 మధుమేహం ఉన్న పిల్లాడి తల్లి రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేస్తుంది. నిద్రలో ఉన్నవాడి చెయ్యి లాక్కుని, నిన్న గుచ్చిన వేలు వదిలేసి పక్క వేలు పట్టుకుంటుంది. ఆ వేలి కొసలు గట్టిపడి నల్లచుక్కలు కట్టి ఉంటాయి. సూది లేని వాచీ అంటే ఆ తల్లికి ఎంత ఆశో చెప్పక్కర్లేదు.

ప్రకటన అబద్ధమే. దాని వెనకున్న విద్య మాత్రం అబద్ధం కాదు. కాంతితో ఒంట్లో సంగతులు కనిపెట్టే పరికరాలు నిజంగానే బల్ల దిగి చిప్ మీదికి వచ్చేశాయి. కొన్ని మన ఇళ్లలో, అల్మరాల్లో పడి ఉన్నాయి కూడా. మరి అన్నిటినీ పట్టిన కాంతికి చక్కెర ఎందుకు చిక్కడం లేదు?

గుంటూరులో ఒక పసుపు గీత

ఈ విద్య చరిత్రలో ఒక ముఖ్యమైన రోజు తెలుగు నేల మీదే గడిచింది. 1868 ఆగస్టు 18, సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ ఎటు వెళ్తుందో ముందే లెక్కగట్టుకుని ఐరోపా శాస్త్రవేత్తలు ఓడలెక్కి వచ్చారు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన పియర్ జాన్సెన్ గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో దిగాడు. బ్రిటిష్ బృందంతో మేజర్ టెనంట్ మకాం వేసిందీ గుంటూరే. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. అదే వేధశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తిలో దుర్భిణి బిగించాడు.

జాన్సెన్ దగ్గరున్నది స్పెక్ట్రోస్కోప్. ఒక సన్నని చీలిక, గాజు పట్టకాలు, చూడటానికి ఒక కటకం. సూర్యుడి అంచున ఎగిసే ఎర్రటి నాలుకల వెలుగును అందులోకి పంపితే అది ఇంద్రధనుస్సులా పరుచుకోలేదు. విడివిడి మెరుపు గీతలుగా వచ్చింది. అంటే అవి నాలుకలు చాచిన వాయువులు. గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, వీటిని చూడటానికి గ్రహణమే అక్కర్లేదని ఆయనకు అక్కడికక్కడే తట్టింది. మర్నాడు పట్టపగలు చూశాడు కూడా. ఆ గీతల్లో ఒకటి పసుపుది. సోడియం కాబోలని మొదట అనుకున్నారు. కాదని తేలింది. ఇంగ్లండులో అదే గీతను పట్టిన నార్మన్ లాక్యర్ సూర్యుడి పేరు మీద దాన్ని హీలియం అన్నాడు. భూమ్మీద అది విలియం రామ్సే చేతికి చిక్కేసరికి 1895 వచ్చింది.

తాకకుండా, తూచకుండా, కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్న పదార్థం పేరు చెప్పేసిన విద్య ఇది. దాని సూత్రాన్ని అంతకు తొమ్మిదేళ్ల ముందే జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో కిర్కాఫ్, బున్సెన్ తేల్చారు. ప్రతి పదార్థమూ కాంతిలో కొన్ని రంగుల్ని మింగుతుంది, కొన్నిటిని వదులుతుంది. ఏది మింగిందో చూస్తే అదేమిటో తెలిసిపోతుంది. ఆసుపత్రి ల్యాబుల్లో మన రక్తపు గొట్టాన్ని మింగే పెద్ద యంత్రాల్లో చాలావాటికి ఇప్పటికీ ఇదే ఆధారం.

బల్ల దిగి గోరు మీదికి

రంగులు విడిపోవాలంటే కాంతి కొంత దూరం నడవాలి. దూరం తగ్గిస్తే పక్కపక్క రంగులు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి. రంగుల్ని విడదీసి కొలిచే స్పెక్ట్రోమీటర్లు ఇన్నాళ్లూ బల్లంత ఉండటానికి కారణం ఇదే. గత పాతికేళ్లుగా ఈ రంగంలో జరిగిన తెలివైన పనులన్నీ ఈ దూరాన్ని ఎగ్గొట్టే ఉపాయాలే.

జపాన్‌లోని హమమట్సు కంపెనీ వేలి కొసంత స్పెక్ట్రోమీటర్ అమ్ముతుంది. దాని బరువు 5 గ్రాములు. లోపలున్నది పాత పద్ధతే, కాకపోతే అచ్చు పోసి కుదించారు. ఈజిప్టులో కైరోకు చెందిన సై-వేర్ అనే సంస్థ మరో దారి పట్టింది. సిలికాన్ పలక మీదే కంటికి ఆనని అద్దాలు చెక్కి, వాటిని ముందుకీ వెనక్కీ కదిలిస్తూ పరారుణ కాంతిని చదివే చిప్ చేసింది.

2015లో నేచర్ పత్రికలో జీ బావ్, మౌంగి బావెండి రాసిన పరిశోధన వీటన్నిటికీ భిన్నం. వాళ్లు రంగుల్ని విడదీయడమే మానేశారు. క్వాంటమ్ చుక్కలనే అతి సూక్ష్మ రేణువులతో 195 రకాల పొరలు చేసి మామూలు కెమెరా సెన్సర్ మీద పరిచారు. ఒక్కో పొర ఒక్కో పాళ్లలో రంగుల్ని వడగడుతుంది. వడగట్టగా మిగిలిన 195 అంకెల్ని కంప్యూటర్‌కి ఇస్తే అసలు కాంతిలో ఏ రంగు ఎంతుందో లెక్కగట్టి చెప్తుంది. క్వాంటమ్ చుక్కల మీద చేసిన కృషికే బావెండి 2023లో రసాయన నోబెల్ పంచుకున్నాడు. 2019లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు ఇంకా కిందికి దిగి, ఒకే ఒక్క నానో తీగతో స్పెక్ట్రోమీటర్ చేశారు. ఆ తీగ ఒక కొస నుంచి ఇంకో కొసకు కూర్పు మారుతూ పోతుంది కనుక దాని మీద ఒక్కో చోటు ఒక్కో రంగుకు స్పందిస్తుంది. మొదటి రెండూ డబ్బిస్తే దొరికేవి. తర్వాతి రెండూ ప్రయోగశాల అద్భుతాలు. ఈ తేడా ప్రకటనలు రాసేవాళ్లకు పట్టదు.

చిప్ మీద కాంతిని నడిపించడం మరో విద్య. సిలికాన్‌తో అర మైక్రాన్ వెడల్పు కూడా లేని సన్నని కాలవ వేస్తారు. మందం 220 నానోమీటర్లు. పరారుణ కాంతి అందులో పడితే బయటికి పోలేక మలుపులు తిరుగుతూ వెళ్తుంది. అయితే కొంచెం కాంతి కాలవ గట్టు మీదుగా పొర్లుతూ ఉంటుంది. సెన్సర్‌కి కావలసింది ఆ కొంచెమే. గట్టు మీద ఏది వాలినా లోపలి కాంతి తీరు మారుతుంది. కంప్యూటర్ చిప్‌లు అచ్చొత్తే కర్మాగారాల్లోనే వీటినీ అచ్చొత్తొచ్చు గనుక ధర దిగుతుందని ఆశ. చిక్కంతా దీపం దగ్గరుంది. సిలికాన్ తనంతట తాను వెలగదు. ఇండియం ఫాస్ఫైడ్‌తో చేసిన లేజర్‌ని తెచ్చి దాని పక్కన గురి తప్పకుండా అతికించాలి. ఖర్చు అక్కడ లేస్తుంది.

> వాచీ వెనక్కి తిప్పితే...
>
> పచ్చ దీపాలు: తరంగదైర్ఘ్యం దాదాపు 530 నానోమీటర్లు. రక్తం పచ్చ కాంతిని బాగా మింగుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం కాస్త పెరిగి, వెనక్కొచ్చే కాంతి కాస్త తగ్గుతుంది. నాడి లెక్క అదే.
>
> ఎరుపు, కంటికి కనిపించని పరారుణం: ఇవి ఆక్సిజన్ కోసం. వేలికి పెట్టే ఆక్సీమీటర్లో ఇవి 660, 940 నానోమీటర్ల దగ్గర ఉంటాయి.
>
> నల్లటి చిన్న చదరాలు: ఫొటోడయోడ్లు. వెనక్కొచ్చిన కాంతిని కరెంటుగా మార్చేవి.
>
> వీటిలో గ్లూకోజును నేరుగా గుర్తుపట్టేది ఏదీ లేదు.

రంగున్నవి దొరికిపోయాయి

1970ల మొదట్లో జపాన్‌లోని నిహాన్ కోడెన్ కంపెనీలో టకువో అయొయాగి అనే ఇంజనీరు గుండె ఎంత రక్తం తోడుతుందో చెవి తమ్మె గుండా కాంతి పంపి కొలవాలని తంటాలు పడుతున్నాడు. నాడి కొట్టుకున్నప్పుడల్లా గీత ఎగిరెగిరి పడి లెక్క చెడిపోతోంది. ఆ ఎగురుడును ఎలా తీసెయ్యాలా అని తల పట్టుకున్న మనిషికి, అసలు సంగతి ఆ ఎగురుడులోనే ఉందని తట్టింది. ఎగిరేది ధమని రక్తం ఒక్కటే. చర్మం ఎగరదు, ఎముక ఎగరదు. కాబట్టి రెండు రంగుల కాంతిలో ఆ ఎగురుడును మాత్రమే పోల్చి చూస్తే ధమని రక్తంలో ఆక్సిజన్ ఎంతో తెలుస్తుంది. ఆక్సిజన్ నిండిన హీమోగ్లోబిన్ ఎర్రగా ఉంటుంది, లేనిది నల్లబారుతుంది. 1974లో పల్స్ ఆక్సీమీటర్ పుట్టింది ఈ చిన్న గ్రహింపులోంచే.

అయొయాగి 2020 ఏప్రిల్ 18న, 84వ ఏట పోయాడు. కరోనా ప్రపంచాన్ని కమ్ముకుంటున్న రోజులవి. ఏడాది తిరిగేసరికి రెండో వేవ్‌లో ఆయన పేరు తెలియని తెలుగిళ్లలో కూడా ఆయన పరికరం వేలికి తగిలించుకుని కూర్చున్నారు. 94 అనే అంకె ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చింది. "నాన్నకి తొంభై రెండుకి పడింది" అని దుబాయ్ నుంచి ఒకడు, డల్లాస్ నుంచి ఒకడు రాత్రంతా వాట్సాప్‌లో లెక్కలు చూసుకున్న రోజులు. మందుల షాపుల్లో ఎంత చెబితే అంతకు కొన్నారు. చివరికి ఆక్సీమీటర్ల మీద వ్యాపారుల మార్జిన్ 70 శాతం దాటకూడదని 2021 జులైలో కేంద్రం కట్టడి పెట్టాల్సి వచ్చింది.

ఇంత నమ్మకమైన పరికరంలోనూ ఒక లోపం ఉందని ఆ మధ్యలోనే బయటపడింది. అమెరికాలో మైకేల్ జోడింగ్ బృందం 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాసింది. ఆక్సీమీటర్ 92 నుంచి 96 చూపిస్తున్నా, ధమని రక్తం తీసి పరీక్షిస్తే 88 కన్నా తక్కువ ఉన్న సందర్భాలు తెల్ల రోగుల్లో 3.6 శాతం, నల్ల రోగుల్లో 11.7 శాతం. చర్మంలోని మెలనిన్ కూడా కాంతిని మింగుతుంది. ఎక్కువగా తెల్లవాళ్ల వేళ్ల మీద సరిచూసి తయారుచేసిన పరికరం నల్లటి వేలి మీద కాస్త ఎక్కువ చెప్పింది. చర్మం రంగుల తేడా అంతా లెక్కలోకి వచ్చేలా పరీక్షలు జరపాలని ఎఫ్‌డీఏ ముసాయిదా నిబంధనలు తెచ్చింది 2025 జనవరిలో, అంటే ఆ పరికరం పుట్టిన యాభై ఏళ్లకు. ఒకే ఇంట్లో నాలుగు ఛాయలుండే మన దేశానికి ఇది పరాయి గొడవ కాదు. ఇక్కడమ్మే పరికరాల్ని ఎవరి వేళ్ల మీద సరిచూశారని అడిగేవాళ్లే తక్కువ.

పసికందుల కామెర్లదీ ఇలాంటి కథే. 1956లో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో జీన్ వార్డ్ అనే నర్సు, నెలలు నిండని బిడ్డల్ని కాసేపు ఎండకు తీసుకెళ్లేది. ఒక రోజు డాక్టర్లకు ఒక బిడ్డను చూపించింది. ఒళ్లంతా పసుపు తగ్గింది, దుప్పటి కొస కప్పిన చోట మాత్రం త్రికోణంలా పసుపు మిగిలింది. ఇప్పుడు ప్రతి పిల్లల ఆసుపత్రిలో కనిపించే నీలి దీపాల చికిత్సకు మొదలు అది. ఆ పసుపును కాంతితో కొలిచే పరికరం 1980లో జపాన్‌లో వచ్చింది. బిడ్డ నుదుటికి ఆనించి నొక్కితే ఆ పసుపుకు కారణమైన బిలిరుబిన్ ఎంతో అంచనా చెప్తుంది. మడమ గుచ్చి రక్తం పిండే బాధ చాలామంది బిడ్డలకు తప్పింది. మొన్న 2025లో సామ్‌సంగ్ తన వాచీలో బొటనవేలు ఆనిస్తే చర్మంలో కెరోటినాయిడ్లు ఎంతున్నాయో చెప్పే ఏర్పాటు పెట్టింది. క్యారెట్, ఆకుకూర తినేవాళ్ల చర్మంలో చేరే నారింజ రంగు అది.

హీమోగ్లోబిన్ ఎరుపు. బిలిరుబిన్ పసుపు. కెరోటిన్ నారింజ. ఇంతవరకూ కాంతికి చర్మం మీంచే దొరికినవన్నీ రంగున్నవే.

చెంచాడు చక్కెర కోసం

గ్లూకోజు నీళ్లలో కరిగిందంటే కంటికి కనబడదు. రంగు లేదు. పైగా ఉండేది కొంచెం. పరగడుపున షుగర్ 100 అంటే లీటరు రక్తంలో ఒక్క గ్రాము. ఒంట్లో ఉన్న ఐదు లీటర్లకూ కలిపి ఒక చెంచాడు. అదే లీటరు రక్తంలో హీమోగ్లోబిన్ 140 గ్రాముల దాకా ఉంటుంది, అదీ చిక్కటి ఎరుపు. పోనీ ఆ ఒక్క గ్రామూ ఉందో లేదో చెబితే సరిపోతుందా? చాలదు. అది 0.7 అయితే చక్కెర తినిపించాలి, 1.8 అయితే మాత్ర వేయాలి. ఆ పదో వంతు తేడాలు పట్టాలి.

గ్లూకోజు కాంతిని అసలు మింగదని కాదు. పరారుణంలో 1600 నానోమీటర్ల దగ్గర, 2100 నుంచి 2300 మధ్య కొంచెం మింగుతుంది. అక్కడే నీళ్లు దండిగా మింగుతాయి. ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే. కొవ్వు, మాంసకృత్తులు కూడా అక్కడే అడ్డం పడతాయి. చర్మం వేడి ఒక్క డిగ్రీ మారినా, చెమట పట్టినా, బెల్టు బిగించినా, వదులైనా వచ్చే తేడా గ్లూకోజు వల్ల వచ్చే తేడాను మింగేస్తుంది. పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం మోగుతుంటే ఫలానా ఆవిడ చేతి గాజులు ఎంత గట్టిగా చప్పుడు చేశాయో చెప్పమన్నట్టుంటుంది. ఇంకా దూరం, అంటే 9, 10 మైక్రాన్ల దగ్గరికి వెళ్తే గ్లూకోజు గుర్తు స్పష్టంగా ఉంటుంది. కానీ ఆ కాంతి చర్మంలోకి వెంట్రుక మందం కూడా దిగదు.

మార్క్ ట్వేన్ 1906లో ఒక కథ రాశాడు. వేటకెళ్లిన కుర్రాణ్ని ఒక టర్కీ కోడి కుంటుతున్నట్టు నటిస్తూ, ఇదిగో దొరికా, అదిగో దొరికా అంటూ రోజంతా అడవిలో తిప్పుతుంది. గ్లూకోమీటర్ల కంపెనీ లైఫ్‌స్కాన్‌లో శాస్త్ర విభాగం అధిపతిగా చేసిన జాన్ స్మిత్ సూది లేని షుగర్ పరీక్షల వైఫల్యాలన్నీ కూర్చి పుస్తకం రాస్తూ, దానికి ఆ కథ పేరే ఉపశీర్షికగా పెట్టాడు. పెట్టుబడులు పెట్టేవాళ్లు ముందు చదవాల్సిన పుస్తకం అది. అయినా వేట ఆగలేదు. ఆపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్ కాలం నుంచే దీని మీద పనిచేస్తోందని, మొదట్లో బల్ల నిండా ఉన్న పరికరం ఇప్పుడు చేతికి కట్టుకునేంతకు వచ్చిందని 2023 ఫిబ్రవరిలో బ్లూమ్‌బర్గ్ రాసింది. చేతికి అంటే మణికట్టుకు కాదు, భుజం కింద కండకు.

> చేతులు కాల్చుకున్న కథలు
>
> సైయో (2014): ఇజ్రాయెల్ నుంచి వచ్చిన అరచేతి స్పెక్ట్రోమీటర్. పండులో తీపెంతో, మాత్రలో మందేమిటో చెప్తానంటే జనం కిక్‌స్టార్టర్‌లో 27 లక్షల డాలర్లకు పైగా కట్టారు. సరుకు అనుకున్న గడువుకు చేరక కట్టినవాళ్లు గోల పెట్టారు.
>
> గూగుల్ కంటి కటకం (2014-18): ఇది కాంతితో కాదు, రసాయన చర్యతో పనిచేసేది. కన్నీళ్లలో గ్లూకోజు కొలవాలనుకున్నారు. కన్నీటి లెక్కకూ రక్తం లెక్కకూ పొంతన కుదరక 2018 నవంబరులో ఆపేశారు.
>
> రాక్లీ ఫోటోనిక్స్ (2013-23): సిలికాన్ చిప్ మీద లేజర్లతో మణికట్టు మీదే క్లినిక్ అంది. 2021లో న్యూయార్క్ మార్కెట్లో షేర్లు పెట్టింది. 2023 జనవరిలో దివాలా రక్షణ కోరింది.

రామన్ దారి

సి.వి.రామన్ 1928 ఫిబ్రవరి 28న చూపించిన వెలుగు ఈ వేటలో అన్నిటికన్నా ఆశపెడుతున్న దారి. పదార్థం మీద పడిన కాంతిలో కోటికొకటి లాంటి అతి కొద్ది కిరణాలు రంగు మార్చుకుని తిరిగొస్తాయి. ఎంత మార్చుకున్నాయో ఆ అణువును బట్టి ఉంటుంది. రంగు లేని గ్లూకోజుకు కూడా ఇక్కడ సొంత గుర్తుంది. ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం రామన్ దగ్గర పనిచేసి వచ్చి వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ విద్యను నాటారు. 2020లో అమెరికాలోని ఎంఐటీ, సామ్‌సంగ్ పరిశోధకులు కలిసి బతికున్న పందుల చెవి చర్మం మీంచి గ్లూకోజు రామన్ గుర్తును నేరుగా పట్టారు. కంప్యూటర్ లెక్కల మాయ కాదు, నిజంగానే కనబడుతోందని చూపడం అందులో గొప్ప. కానీ అది మత్తిచ్చి కదలకుండా పడుకోబెట్టిన పంది. పరికరం వాచీ కాదు.

ఈ దారిలో షుగర్ కన్నా ముందు ఒడ్డెక్కినవి వేరే ఉన్నాయి. చేతిలో పట్టే రామన్ యంత్రాలు మందు బిళ్లను అట్ట మీంచే చూసి, అసలుదో నకిలీదో చెప్పేస్తున్నాయి. పేద, మధ్యతరగతి దేశాల్లో ప్రతి పది వైద్య ఉత్పత్తుల్లో ఒకటి నాసిరకమో నకిలీయో అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో అంచనా వేసింది. దీన్ని బట్టి ఆ యంత్రం విలువ తెలుస్తుంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సోమ వేణుగోపాలరావు బృందం లోహపు నానో నిర్మాణాల మీద రామన్ సంకేతాన్ని పెంచి, పేలుడు పదార్థాల జాడలు పట్టే పని చేస్తోంది. చిప్ మీద కాంతి కాలవలు వేసే విద్యలో ఐఐటీ మద్రాసులో బిజోయ్ కృష్ణ దాస్ బృందానిది మన దేశంలో ముందు వరస.

చర్మం కిందికి దిగిన దీపం

ఇంతకీ కాంతితో షుగర్ కొలిచి, ఎఫ్‌డీఏ ఆమోదం పొందిన సెన్సర్ ఒకటుంది. దాని పేరు ఎవర్‌సెన్స్. కాకపోతే అది చర్మం బయట కూర్చోదు. 18 మిల్లీమీటర్ల పొడవు, మూడున్నర మిల్లీమీటర్ల మందం ఉన్న గొట్టం. డాక్టరు మత్తిచ్చి భుజం కింద చర్మంలో చిన్న గాటు పెట్టి లోపల జారవిడుస్తాడు. దాని ఒంటి మీద గ్లూకోజును పట్టుకునే జిగురు పూత ఉంటుంది. గ్లూకోజు వచ్చి అంటుకుంటే, లోపలి దీపం వెలిగినప్పుడు ఆ పూత ఎక్కువ మెరుస్తుంది. పైన చర్మానికి అతికించిన బిళ్ల ఆ మెరుపును చదివి ఫోనుకు పంపుతుంది. 2018లో ఆమోదించిన మొదటి రకం 90 రోజులు పనిచేసేది. 2024 సెప్టెంబరులో ఆమోదం పొందింది ఏడాది పనిచేస్తుంది.

ఇక్కడ చేసిన ఉపాయం చూడండి. రంగులేని చక్కెరను వెతకడం మానేసి, చక్కెర తగిలితే మెరిసే వస్తువును దాని దగ్గరికే పంపారు. చర్మం అనే తెరను దాటేశారు. ఇంత చేసినా దాన్ని అప్పుడప్పుడూ వేలు గుచ్చి సరిచూసుకోవాల్సిందే. ఏడాది పనిచేసే రకానికి మొదటి రెండు వారాలూ దాటాక వారానికో సారి.

ఇంట్లో వాడే గ్లూకోమీటర్‌కి కూడా ఒక అంతర్జాతీయ గీటురాయి ఉంది. ఐఎస్ఓ 15197. ల్యాబ్ ఫలితంతో పోలిస్తే 100 పైన ఉన్న అంకెలు 15 శాతానికి మించి, 100 లోపు అంకెలు 15 మిల్లీగ్రాములకు మించి తప్పకూడదు. నూటికి 95 సార్లు ఇది నిలబడాలి. బజారులో షుగర్ చెప్తానంటున్న వాచీ ఏదైనా సరే, ఈ పరీక్ష ఎక్కడ, ఎంతమంది మీద పెట్టారని అమ్మేవాణ్ని అడగండి. జవాబు రాకపోతే పాతిక రూపాయల స్ట్రిప్పే నయం.

ఒక చుక్క, ఒక ఉంగరం

నాకు మాత్రం ఈ చిప్‌ల అసలు పని మణికట్టు మీద లేదనిపిస్తుంది. ఒక్క చుక్క రక్తం తీసి, దాన్ని చిప్ దగ్గరికి తేవడంలోనే ఉంది. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం 2007లోనే ఈ దారి చూపింది. సిలికాన్ మీద వెంట్రుక మందం కూడా లేని ఉంగరం చెక్కి, అందులోకి కాంతి వదులుతారు. ఒక ప్రత్యేకమైన రంగు మాత్రమే ఆ ఉంగరం చుట్టూ తిరుగుతూ నిలుస్తుంది. ఉంగరం మీద ఫలానా జబ్బు ప్రోటీన్‌ను పట్టే యాంటీబాడీలు పూస్తారు. రక్తం చుక్కలో ఆ ప్రోటీన్ ఉంటే వచ్చి అంటుకుంటుంది. నిలిచే రంగు కొద్దిగా పక్కకు జరుగుతుంది. ఎంత జరిగిందో అదే ఫలితం. ఒకే చిప్ మీద ఇలాంటి ఉంగరాలు డజన్ల కొద్దీ పెట్టొచ్చు గనుక ఒకే చుక్కలో ఎన్నో పరీక్షలు. ఇలాంటి చిప్‌లు వాడే జెనలైట్ అనే అమెరికా కంపెనీ కరోనా యాంటీబాడీ పరీక్షకు 2020లో ఎఫ్‌డీఏ నుంచి అత్యవసర అనుమతి కూడా తెచ్చుకుంది.

ఒక్క చుక్క అనగానే అమెరికా కంపెనీ థెరనోస్ గుర్తొస్తుంది. వేలి చుక్కతో వందల పరీక్షలని ఊరించి, ఆ పరికరం పనిచేయకపోయినా పెట్టుబడిదారుల్ని మోసం చేసినందుకు ఆ కంపెనీ పెట్టిన ఎలిజబెత్ హోమ్స్‌ను 2022లో కోర్టు దోషిగా తేల్చి జైలు శిక్ష వేసింది. ఆ దెబ్బకు నిజాయతీగా పనిచేసేవాళ్లు కూడా చాన్నాళ్లు సంజాయిషీలు చెప్పుకోవాల్సి వచ్చింది.

ఈ చిప్ మన దగ్గరికొస్తే ఎక్కడ పనికొస్తుంది? తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ఏర్పాటులో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తీసిన రక్తం గొట్టాలు డబ్బాల్లో సర్దుకుని జిల్లా హబ్‌కు వెళ్తాయి, ఫలితం ఫోనుకొస్తుంది. పేదవాడికి జేబు ఖర్చు లేకుండా పరీక్ష దొరకడం గొప్ప సంగతే. కానీ జ్వరంతో వచ్చిన కూలీ మనిషి ఫలితం వచ్చేదాకా కేంద్రంలో కూర్చోడు. డెంగీనో, టైఫాయిడో అక్కడికక్కడే తేలితే ఆ పూటే మందు మొదలవుతుంది. అందుకు చిప్ ఒక్కటి చాలదు. చిప్‌ను చదివే లేజర్ పెట్టె కావాలి, యాంటీబాడీలు పాడవకుండా చల్లగా ఉంచే ఫ్రిజ్ కావాలి, ఫ్రిజ్‌కు కరెంటు నిలకడగా కావాలి, అంకె తేడాగా వస్తే చిప్‌ది తప్పో ఒంటిది తప్పో చెప్పగల టెక్నీషియన్ కావాలి. అప్పటిదాకా హబ్‌కు డబ్బాలు మోసే బండి రోజూ తిరగాల్సిందే.